పక్క చోట్లో బెండు వేసుకున్నవాడు, గాలం దారం కదిలితే కూసే అలారం గారికి రాయు లేఖ

మహారాజశ్రీ అలారం గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొన్న శనివారం తెల్లవారుజాము నుంచి పొద్దు వాలేదాకా మీ క్షేమ సమాచారాన్ని మీరే చెరువు నాలుగు గట్లకూ చాటుతూ వచ్చారు. నా సంగతి మాత్రం అడగలేదు. అడిగే విరామం మీకు దొరకలేదని అనుకుని నేనే రాస్తున్నాను.

నేను మీకు గుర్తుండే అవకాశం లేదు. మీ ఎడమ పక్కన, రెల్లు పొదకు ఇవతల, మడత కుర్చీలో, ఒకే ఒక్క గాలం కర్రతో కూర్చున్నవాణ్ణి. నది మనిషిని. కెన్నెట్ ఒడ్డున నా మానాన నేను బెండు వదులుకుంటూ కాలక్షేపం చేసేవాణ్ణి. ఏం చేస్తాం, మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఇంగ్లండు నదుల్లో కోర్స్ చేపలకు గాలం వేయకూడదు కదా! సాల్మన్‌నూ ట్రౌట్‌నూ దొరలు తమ వాటాగా ఉంచుకోగా మా పాలిట మిగిలిన చేపలు ఇవి. వీటికైనా మూడు నెలలు ఎదురుచూడాలి. చెరువుల్లో చాలావాటికి 1995లోనే ఆ నిషేధం ఎత్తేశారు. అందుచేత ఏటా వసంతం రాగానే నాలాంటి నదివాళ్లు రెడింగ్ చుట్టుపక్కల కంకర తవ్వి వదిలేసిన గుంతల చెరువులకు వలస వస్తారు. వచ్చి మీ పక్కన పడతారు.

శనివారం ఉదయం రెల్లు అంచుకు టెంచ్ అనే చేపలు చేరాయి. బుడగలను బట్టి తెలిసింది. టెంచ్ బురద కెలికితే లేచే బుడగలు చాలా చిన్నవి, గుంపుగా వస్తాయి, ఒకసారి చూసినవాడు మళ్లీ పొరబడడు. నా బెండు నెమలి ఈక కాడ. చిన్నప్పుడు గోదావరి కాలువ గట్టున జీలుగు బెండుతో మొదలుపెట్టినవాణ్ణి, ఇక్కడికి వచ్చాక నెమలికి మారాను. అడుగున ఒకే ఒక్క గుండు, దాని పక్కనే కొక్కేనికి మొక్కజొన్న గింజ. టెంచ్ తల వంచి గింజ అందుకుని తల ఎత్తిందంటే గుండు నేల విడుస్తుంది. అప్పుడు బెండు మునగదు, పైకి లేస్తుంది. లేచి నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. లేవడానికీ పడుకోవడానికీ మధ్య చెయ్యి కదలాలి. ముందు కదిలినా లాభం లేదు, తర్వాత కదిలినా లాభం లేదు. ఇన్నేళ్లలో నాకు అబ్బిన విద్య ఏదైనా ఉంటే అదంతా ఆ కాస్త వ్యవధిలోనే ఉంది.

బెండు వణికింది. కొద్దిగా లేచింది.

మీరు కూశారు.

నేను తల తిప్పాను. చెవులున్న ప్రాణి ఏదైనా తిప్పుతుంది, మిమ్మల్ని తయారుచేసినవాళ్లు మీకు ఆ గొంతు పెట్టింది అందుకే. మళ్లీ ఇటు చూసేసరికి నా బెండు పడుకోవడమూ అయింది, తిరిగి నిలబడడమూ అయింది. దారం లాగి చూస్తే కొక్కేనికి గింజ లేదు.

ఇంత పనీ చేసి మీరు చాటిన వార్త ఏమిటా అని చూశాను. మీ యజమాని గుడారంలోంచి ఒక చెయ్యి కూడా బయటికి రాలేదు. ఏదో చేప దారానికి వీపు రాసుకుంటూ పోయిందట, ఎర జోలికే వెళ్లలేదట. తర్వాత గాలి వీచింది, కూశారు. నీటికోడి దారం మీదుగా ఈదింది, కూశారు. కొట్టుకొచ్చిన నాచు తగులుకుంది, అది తగులుకున్నంతసేపూ కూశారు. దారం మీ నెత్తి మీది చిన్న చక్రం మీదుగా పోతుంది. చక్రం తిరిగితే అందులోని అయస్కాంతాలు కదిలి మిమ్మల్ని కూయిస్తాయి. తిప్పింది ఎవరన్న విచారణ మీకు లేదు. చేపైనా, నాచైనా, నీటికోడైనా మీకు సమానమే. ఇంతటి సమదృష్టి కోసం యోగులు ముక్కు మూసుకుని తపస్సు చేస్తారు.

పైగా మీరు ఒకరు కాదు, ముగ్గురు. మూడు కర్రలకు అనుమతి కొనుక్కున్న యజమాని కాబట్టి మూడు దీపాలు, మూడు శ్రుతులు. ఏ కర్ర మోగిందో నిద్రలోనే గుర్తుపట్టడానికట. సాయంత్రానికి నేనూ గుర్తుపట్టగలిగాను. మధ్యవారి గొంతు మరీ దుర్భరం.

ఒకరి పద్ధతిని చూసి ఒకరు నవ్వుకోవడం మా గాలం వాళ్లలో పాత అలవాటే. నేనూ నవ్వుతాను. పదహారు మీటర్ల కార్బన్ గెడను చేప పడ్డప్పుడల్లా వెనక్కి తోసి, గట్టు మీద నడిచేవాళ్ల కాళ్లకు అడ్డం పెట్టే పెద్దమనిషిని చూసి నవ్వుతాను. మేత కూరిన బుట్టను గడియారం చూసుకుంటూ అదే చోట, అదే దూరాన మళ్లీ మళ్లీ దబ్బుమని విసిరేవాడు నా కంటికి రిజిస్టరులో సంతకాలు పెట్టే గుమస్తాలా కనిపిస్తాడు. పైక్ చేప కోసం ప్లాస్టిక్ చేపపిల్లను విసిరి, లాగి, విసిరి, లాగి గట్టంతా కలియదిరిగేవాడికి కూర్చోవడం ఎవరూ నేర్పలేదు. వాళ్లు నన్ను చూసి పాతకాలపు మనిషి, ఒంటికర్ర సన్యాసి అనుకుంటారు. అనుకోనీ. వాళ్ల ఇష్టం వాళ్ల చోట్లో ఉంటుంది, నా ఇష్టం నా చోట్లో ఉంటుంది. ఎంత పొడుగు గెడైనా పదహారు మీటర్ల దగ్గర ఆగుతుంది. మీరు ఆగరు. నీళ్లకు గోడలు లేవు, మీకు మొహమాటం లేదు. ఆవలి గట్టున రోచ్ చేప కోసం రొట్టెముక్క వేసుకున్న ముసలాయన కూడా మీ యజమాని పద్ధతిలోనే చేపలు పట్టవలసి వస్తోంది, పాపం, ఆయన దగ్గర అలారం లేకపోయినా.

మీ యజమాని మభ్యపెట్టే తీరు గురించి ఒక్క మాట. గుడారం ఆకుపచ్చ, కుర్చీ ఆకుపచ్చ, టోపీ ఆకుపచ్చ. దారం నాచు రంగు. నీటి అడుగున ఎవరికీ కనిపించని సీసం గుండుకు కూడా బురద రంగు పూత. చేపకు అనుమానం రాకూడదట! ఇంత జాగ్రత్తగా దాక్కున్న మనిషి, ముందు వరసలో రంగు దీపాలతో మిమ్మల్ని నిలబెట్టి మైకు చేతికిచ్చాడు.

ఎర సంగతికి వస్తే, గుడ్లు, చేపపిండి, సెమోలినా కలిపి ఉండలు కట్టి ఉడికించి, అనాసపండు వాసన పట్టించి వేస్తాడు. సెమోలినా అంటే మన ఉప్మా రవ్వే. ఆ ఉండల సంచి ధర విన్న రోజు నుంచి మా ఇంట్లో ఉప్మాకు గౌరవం పెరిగింది. అన్నట్టు, 1987 నుంచి ఇక్కడ చిన్న సీసం గుండ్లు నిషేధం. హంసలు మింగి చచ్చిపోతున్నాయని తెచ్చిన నిషేధం, మంచిదే, నేను సీసం మానేశాను. ఆ నిషేధం 28.35 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. మీ యజమాని గుండ్లన్నీ అంతకు పైబడినవే కాబట్టి అవి పవిత్రం.

ఇక అసలు మాట. మీరు మోగేసరికి అక్కడ జరగవలసినది ఏదైనా మిగిలి ఉంటుందా? 1980 ప్రాంతంలో లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు ఎరను కొక్కేనికి గుచ్చకుండా, పక్కన వెంట్రుకకు కట్టే ఉపాయం కనిపెట్టారు. మొదట్లో నిజం తలవెంట్రుకే కట్టారు. కార్ప్, అంటే మన బంగారు తీగ చేప, ఎరను పీలుస్తుంది, ఏదో తేడాగా ఉందని ఉమ్మబోతుంది, ఒట్టి కొక్కెం పెదవికి తగులుతుంది, బెదిరి పరుగెత్తితే సీసం బరువు దాన్ని లోపలికి దించుతుంది. అప్పుడు కూస్తారు మీరు. చేప తనను తానే పట్టుకున్నాక, పట్టుబడిందని మనిషికి కబురు. నా బెండు నన్ను ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు నేను చెప్పాలి. మీరు ఫలితాలు ప్రకటిస్తారు.

మా ఊళ్లో వాళ్లకు ఇది చెబితే, పట్టిన బంగారు తీగను ఏం చేస్తారని అడుగుతారు. తడిపిన పరుపు మీద పడుకోబెట్టి, కొక్కెం దిగిన చోట మందు రాసి, ఎత్తుకుని ఫొటో దిగి, నీళ్లలో వదిలేస్తారు, దానికో పేరు కూడా ఉంటుంది అంటే ఫోనులో కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత మా అమ్మ పులుసు గురించి ఏదో అంటుంది. నేను మీవాళ్ల తరఫునే వాదిస్తాను. నిజంగానే వాదిస్తాను. చేప మీద వాళ్లకున్న ఆ శ్రద్ధ నాకు ఇష్టం.

అందుకే శనివారం మధ్యాహ్నం జరిగినది మింగుడుపడడం లేదు. మీ యజమాని గుడారంలోంచి లేచి, మీ సంకేతం అందుకునే డబ్బాను జేబులో వేసుకుని, కారు నిలిపిన చోటికి బయలుదేరాడు. కర్రలను నీళ్లలో వదిలేసి దగ్గర లేకుండా పోవడం ఈ దేశంలో నేరం. నేను గుర్తుచేశాను. "అలారం ఉంది కదా" అన్నాడు. నవ్వుతూ, ఎంతో మంచిగా అన్నాడు.

అలారం ఉంది. ఉండి ఏం చేశావు నువ్వు?

కాసేపటికి మొదలుపెట్టావు. ఈసారి ఒకటి రెండు కూతలు కాదు, తెంపు లేని ఏడుపు. రీలులోంచి దారం బుసబుసమని పోతోంది. కార్ప్ రెల్లు పొద వైపు పరుగెడుతోంది. వంగి కర్ర ఎత్తే చెయ్యి నీకు లేదు. చేపను పొదలోకి పోకుండా తిప్పే తెలివి నీకు లేదు. ఉన్నదల్లా గొంతు. ఏడ్చావు, ఏడ్చావు, చెరువంతా నిన్నే చూసింది, ఎవరికీ ఏమీ చేతకాలేదు. వాడు చెప్పుల్లో రొప్పుతూ పరుగెత్తి వచ్చి కర్ర ఎత్తేటప్పటికి చేప పొద మొదళ్లలో చుట్టుకుపోయింది. లాగాడు. దారం తెగింది. "పోయింది" అన్నాడు, "పెద్దదే" అన్నాడు. ఎక్కడికి పోయింది? మూతిలో కొక్కెంతో, వెనక ఈడ్చుకుంటూ పోయే దారంతో ఆ నీళ్లలోనే ఉంది. వాడి సంచిలో దాని పెదవికి రాసే మందు సీసా ఉంది. తడిపి సిద్ధంగా పరిచిన పరుపు ఉంది. కర్ర పక్కన మనిషి లేడు. నువ్వున్నావని లేడు. నువ్వు లేకపోతే వాడు ఆ కుర్చీలోంచి లేచేవాడే కాదు, దారం మీద వేలు పెట్టుకుని నీళ్లవైపు చూస్తూ కూర్చునేవాడు, చచ్చినట్టు కూర్చునేవాడు!

సరే. మళ్లీ మర్యాదలోకి వస్తాను.

మీ వంశం మంచిది. ఆ మాట దాచను. మీ మూలపురుషుల్లో ఒకరిని రిచర్డ్ వాకర్ అనే గాలం వేటగాడు తన చేతులతో తయారుచేసుకున్నాడు. 1952 సెప్టెంబరులో రెడ్‌మైర్ కుంటలో, ఇంకా చీకటి వీడకముందే ఆయన పట్టిన 44 పౌన్ల కార్ప్ ఈ దేశపు కార్ప్ వేటనే మార్చేసింది. దాన్ని లండన్ జంతుప్రదర్శనశాలకు ఇస్తే అక్కడ చాలా ఏళ్లు బతికింది. చీకట్లో బెండు కనిపించదు. రాత్రంతా ఒడ్డున పడుకునేవాడికి ఎవరో ఒకరు మేలుకొలుపు పాడాలి, అది నాకూ తెలుసు. వేసవి రాత్రి ఆవలి గట్టు నుంచి మీ కూత ఒక్కటి వినిపించి, టార్చి వెలిగి, ఎవరో గబగబా అడుగులు వేస్తుంటే, నిజం చెప్పాలంటే నా గుండె కూడా కాస్త వేగంగా కొట్టుకుంటుంది. చీకట్లో మీరు కావలసినవారే. మిట్టమధ్యాహ్నం, ఎండలో, కర్రకు మూరెడు దూరంలో పడుకున్న మనిషికి మీతో ఏం పని?

మీ పొట్ట మీద మూడు మీటలున్నాయి. ఒకటి శ్రుతికి, ఒకటి సున్నితత్వానికి, ఒకటి శబ్దానికి. శబ్దం మీట సున్నా దాకా తిరుగుతుంది. తిప్పినా మీ ఉద్యోగానికేమీ ముప్పు లేదు, యజమాని జేబులోని డబ్బా వణికి చెప్పవలసినవాడికి చెబుతుంది, అక్కర్లేనివాళ్లకు చెప్పదు. ఈ ఏర్పాటు మీ పెట్టెలోని కాగితంలోనే అచ్చయి ఉంటుంది. మీ యజమాని ఆ కాగితాన్ని టీ మరిగించే పొయ్యి కింద మడిచి పెట్టాడు, నేను చూశాను.

కాబట్టి విన్నపం ఇదీ. జూన్ 16న నదులు తెరుస్తారు, ఆ ఉదయం నుంచి నా పీడ మీకు ఉండదు. అప్పటిదాకా వచ్చే శనివారాల్లో, పగటిపూట మాత్రం, ఆ మూడో మీట సున్నాలో ఉండేలా మీ యజమానికి నచ్చజెప్పగలరు. ఆయన కారు దాకా వెళ్లదలచుకుంటే కర్రలు ఒడ్డుకు తీసి వెళ్లేలా చూడగలరు. ఈ రెండో షరతులో బేరం లేదు.

అభ్యంతరం ఉంటే కూయండి, వింటాను, వినక ఎలాగూ తప్పదు. సమ్మతమైతే ఊరుకోండి. మౌనం అర్ధాంగీకారమంటారు, మీ విషయంలో దాన్ని పూర్తి అంగీకారంగానే రాసుకుంటాను.

ఇట్లు,
రెల్లు పొదకు ఇవతలి ఒంటికర్ర మనిషి