మ్యూట్‌లో చూసిన వేడుక

సింధు చేతిలో జెండా చూడాలని ఆ రాత్రి మేలుకున్న తెలుగు ఇళ్లు తక్కువేమీ కాదు. 2024 జులై 26, శుక్రవారం. మన గడియారంలో రాత్రి 11 గంటలకు పారిస్‌లో ఒలింపిక్స్ ప్రారంభోత్సవం మొదలైంది. ఈసారి స్టేడియం లేదు. సెన్ నది మీద ఆరు కిలోమీటర్ల దారి, 85 పడవలు, వాటి మీద క్రీడాకారులు, పైనుంచి ఎడతెగని వాన. మేలుకుని కూర్చున్నవాళ్లకు కూడా సింధు, ఆమెతో పాటు జెండా పట్టిన టేబుల్ టెన్నిస్ ఆటగాడు శరత్ కమల్ కనిపించింది కాసేపే. కెమెరా వెంటనే ఇంకో పడవ మీదికి, అక్కడినుంచి ఇంకో వంతెన మీదికి వెళ్లిపోయింది.

తెల్లవారాక ఫోన్లలో తిరిగింది ముఖ్యంగా రెండు విషయాలు. ఒకటి మనవాళ్ల బట్టలు. తరుణ్ తహిలియానీ డిజైన్ చేసిన ఆ చీరలు, కుర్తాల మీది ఇకత్ నమూనా నేసింది కాదు, అచ్చు వేసింది. దేశమంతా ఎత్తిపొడిచింది. పోచంపల్లిలో నూలుకు చిటికి కట్టి, రంగులద్ది, ఆ తర్వాతే మగ్గమెక్కించే పని ఎరిగిన మనకు ఇంకాస్త గుచ్చుకుంది. ఆ కోపం న్యాయమైనదే. రెండోది ఒక ఫొటో. పొడవాటి బల్లలాంటి వేదిక వెనుక రకరకాల వేషాలవాళ్లు వరుసగా నిలబడ్డారు. మధ్యలో తలపై వెండి కిరణాల అలంకారంతో ఒక మహిళ. క్రీస్తు కడరా భోజనాన్ని వెక్కిరించారంటూ ఆ ఫొటో ఖండాలు దాటింది, మన దగ్గరి వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది.

ఈ రెండు గొడవలకూ చెవులతో పనిలేదు. టీవీని మ్యూట్‌లో పెట్టి చూసినా బట్టలు కనిపిస్తాయి, ఫొటో కనిపిస్తుంది. నాలుగు గంటలకు దగ్గరగా సాగిన కార్యక్రమంలో సంగీతానిదే పెద్ద పీట. కానీ ప్రేక్షకుల తీర్పు రాసింది కళ్లు. ఇలాంటి వేడుకల మీద వచ్చే మెప్పునూ తిట్లనూ చాలాకాలంగా చూస్తున్నాను. మెప్పు ఎక్కువగా తెగకుండా విన్నదానికి దక్కుతుంది. తిట్లు ఎక్కువగా ఆగిపోయిన బొమ్మకు పడతాయి.

ఆ ఫొటోనే తీసుకుందాం. అది విందు పేరుతో పెట్టిన ఫ్యాషన్ షో, వేషధారులు నడిచిన దారే ఆ బల్ల. ఒలింపస్ కొండ మీది గ్రీకు దేవతల విందు తన ఆలోచన అని దర్శకుడు తోమా జోలీ తర్వాత చెప్పారు. చివర్లో పళ్లెం మూత తీస్తే ఒళ్లంతా నీలిరంగు పూసుకుని గ్రీకుల మద్యదేవుడు డయనైసస్ వేషంలో పాడింది ఫ్రెంచ్ గాయకుడు ఫిలిప్ కాత్రీన్. ఆ నీలి మనిషి బొమ్మ చూడనివారు లేరు. అతడు ఏం పాడాడో ఎంతమందికి తెలుసు? అందరం దిగంబరంగానే ఉండిపోయి ఉంటే యుద్ధాలు ఉండేవా, ఒంటి మీద బట్టే లేనప్పుడు తుపాకీ ఎక్కడ దాచుకుంటాం అని అడిగే చిలిపి పాట అది. యుద్ధాల నడుమ జరిగిన ఒలింపిక్స్‌కు ఆ చిలిపితనం బాగానే అతికింది. కానీ ఫొటోకు నోరుండదు కదా.

అయితే నిర్వాహకులను పూర్తిగా వెనకేసుకు రాలేను. ఒక మతాన్ని ఇట్టే గుర్తుచేసే అమరికలో మనుషుల్ని నిలబెట్టి, ఆ ఉద్దేశమే లేదంటే నొచ్చుకున్నవారు నమ్మడం కష్టం. ఫ్రాన్స్ బిషప్పులు బాధపడ్డారు, రెండు రోజులకు నిర్వాహకుల ప్రతినిధి విచారం తెలిపారు. అంతటితో ఆగితే బాగుండేది. జోలీకి చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి, ఆన్‌లైన్ వేధింపుల కేసులో 2025 మేలో పారిస్ కోర్టు ఏడుగురిని దోషులుగా తేల్చింది. ఒక దృశ్యం నచ్చకపోవడానికీ దీనికీ పొంతన లేదు.

ఇక పాటనే తిట్టిన సందర్భం ఒకటుంది. విచిత్రమేమిటంటే, ఆ తిట్లు పాట వినకముందే మొదలయ్యాయి. ఆయా నకమురా మాలిలో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగిన గాయని. ప్రారంభోత్సవంలో ఆమె పాతతరం ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్ పాట పాడవచ్చన్న వార్త 2024 తొలి నెలల్లో బయటికి రాగానే తీవ్ర జాతీయవాద గుంపు ఒకటి సెన్ ఒడ్డున బ్యానర్ పట్టుకుని నిలబడింది. ఇది పారిస్, మాలి రాజధాని బమాకోలోని సంత కాదు అని దాని సారాంశం. ఆమె ఫ్రెంచ్ శుద్ధమైనది కాదన్నది ఇంకో ఫిర్యాదు. వీధిమాటలు, ఆఫ్రికా మాటలు కలిపి ఆమె పాటలు అల్లుతారు.

జూలై రాత్రి ఆమె ఎక్కడినుంచి నడిచి వచ్చారో చూడాలి. బంగారు రంగు దుస్తుల్లో, ఇన్‌స్టిట్యూట్ దె ఫ్రాన్స్ భవనం గుమ్మంలోంచి. ఫ్రెంచ్ భాషకు కాపలా కాసే అకాడమీ ఉండేది అందులోనే. ఎదురుగా యూనిఫాం వేసుకున్న రిపబ్లికన్ గార్డ్ బ్యాండు. ఆమె తన పాటల మధ్యలో పేరున్న ఫ్రెంచ్ గాయకుడు షార్ల్ అజ్నవూర్ పాటను కలిపి పాడుతుంటే, ఆ సైనిక వాద్యకారులు ఆమె లయకు అడుగులు వేశారు. అజ్నవూర్ కూడా వలస వచ్చిన ఆర్మీనియన్ దంపతుల బిడ్డే. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడిన గడ్డ మీద పుట్టినవారికి ఇందులోని చమత్కారం వేరే చెప్పక్కర్లేదు. గ్రాంథిక పండితుల సభామండపంలోంచి జనం పాట బయటికి నడిచి వచ్చినట్టే. కానీ ఆ భవనం ఏమిటో తెలిస్తేనే కదా! టీవీ ముందున్న పరాయి దేశపువాడికి అది బంగారు గౌను, బ్యాండు మేళం, అంతే. ఇలాంటిచోట వ్యాఖ్యాత ఒక్క వాక్యం చెప్పి నోరు కట్టుకుంటే చాలు. మన దగ్గర ఎక్కువసార్లు అందుకు తలకిందులుగా జరుగుతుంది. చెప్పాల్సినప్పుడు మౌనం, పాట పల్లవిలో ఉండగా పతకాల లెక్కలు.

టీవీ చేసే గారడీలు పారిస్‌తో మొదలు కాలేదు. 2008లో బీజింగ్ వేదిక మీద ఎర్ర గౌను వేసుకున్న పాప పాడినట్టు ప్రపంచమంతా చూసింది. గొంతు వేరే పాపదని కొద్ది రోజులకే సంగీత దర్శకుడు చెన్ చిగాంగ్ రేడియోలో బయటపెట్టారు. ఒక పాప ముఖం, ఇంకో పాప గొంతు కలిస్తేనే దేశం పరువు నిలుస్తుందని పెద్దలు అనుకున్నారు. 2012 లండన్‌లో ఎమిలీ సాండే గొంతులో ఒక భక్తిగీతం, దానికి అక్రమ్ ఖాన్ బృందం నృత్యం. 2005 జులై 7 బాంబు పేలుళ్లలో చనిపోయినవారికి నివాళిగా చాలామంది దాన్ని చూశారు. అమెరికాలో ఎన్‌బీసీ ప్రసారంలో ఆ ఘట్టమే లేదు, ఆ స్థానంలో ఈతగాడు ఫెల్ప్స్ ఇంటర్వ్యూ వేశారు. విషయం తెలిసి అక్కడి ప్రేక్షకులు మండిపడ్డారు.

మన ఢిల్లీ సంగతీ అంతే. 2010 కామన్వెల్త్ క్రీడలకు రెహమాన్ చేసిన పాటను, అదే ఏడాది ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు షకీరా పాడిన పాటతో పోల్చి జనం చీల్చిచెండాడారు. ఆ తర్వాత అక్టోబరు 3న ప్రారంభోత్సవం జరిగితే, అంతకుముందు నెలలంతా తిట్టినవాళ్లే మెచ్చుకున్నారు. అంత పెద్ద స్టేడియంలో నాకు ఇప్పటికీ గుర్తున్నది కోట్లు పోసి ఎగరేసిన బెలూన్ కాదు, తబలా మీద వేళ్లు ఆడించిన ఏడేళ్ల పిల్లవాడు.

పారిస్‌లో కూడా అందరూ ఒక్కమాటగా మెచ్చింది చివరి పాటనే. ఐఫిల్ టవర్ మొదటి అంతస్తులో సెలీన్ డియోన్. కండరాలు బిగుసుకుపోయే అరుదైన జబ్బు తనకు ఉందని 2022 డిసెంబరులో చెప్పాక ఆమె జనం ముందుకు వచ్చి పాడటం అదే మొదటిసారి. పాడింది పియాఫ్ ప్రేమగీతం. ఆ ప్రేమ బాక్సింగ్ ప్రపంచ విజేత మార్సెల్ సెర్డాన్ మీద. 1949 అక్టోబరులో పియాఫ్‌ను కలవడానికి న్యూయార్క్ బయలుదేరిన సెర్డాన్ విమాన ప్రమాదంలో చనిపోయాడు. క్రీడల పండుగలో క్రీడాకారుడి కోసం పుట్టిన పాట. ఈ కథ తెలియనివారూ కళ్లు తుడుచుకున్నారు. ఎందుకంటే కెమెరా ఆమెను వదిలి పెద్దగా ఎక్కడికీ పోలేదు, ఏ పడవా అడ్డు రాలేదు.

పడవల విషయంలో మాత్రం ప్రేక్షకుల అసంతృప్తి నూటికి నూరుపాళ్లు నిజం. ముందే రికార్డు చేసిన దృశ్యం, నది, వంతెన, మళ్లీ రికార్డు. లేడీ గాగా పాట కూడా వాన కారణంగా ముందే చిత్రీకరించిందే. ఒడ్డున తడుస్తూ నిలబడ్డవారికి పడవలు, తెరలు తప్ప మిగతా వేడుక చాలావరకు అందలేదు. లండన్‌లో జట్లు చకచకా నడవాలని నిమిషానికి 120 దెబ్బల లయలో సంగీతం పెట్టారు. అదీ ఒకరకం తొందరే, కానీ ప్రతి జట్టూ కనిపించింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన క్రీడాకారుడికి దక్కే ఆ అర నిమిషాన్ని ముక్కలు చేయడం నాకు నచ్చలేదు.

నాకు నచ్చినదాని గురించి మర్నాడు ఫోనులో ఒక్కరూ మాట్లాడలేదు. అలెగ్జాండర్ కాంటొరోవ్ అనే కుర్రాడు వానలో తడుస్తూ పియానో ముందు కూర్చున్నాడు. పియానో మీద నీళ్లు ముత్యాల్లా నిలిచి ఉన్నాయి. కోటు తడిసింది, జుట్టు నుదుటికి అంటుకుంది. వాయిస్తున్నది ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ రాసిన స్వరరచన, దాని పేరుకు అర్థం నీటి ఆటలు. కార్యక్రమం రాసుకున్నప్పుడు వాన పడుతుందని ఎవరూ అనుకుని ఉండరు. తడి మీటల మీద వేళ్లు ఒక్కసారి కూడా జారలేదు.