ఆపినప్పుడూ కారణం లేదు, ఇచ్చినప్పుడూ కారణం లేదు

క్రిస్మస్ నాడు కాదన్నారు, సంక్రాంతి రాకముందే సరేనన్నారు. మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ పొడిగించేది లేదని 2021 డిసెంబర్ 25న తేల్చిన కేంద్ర హోం శాఖ, రెండు వారాలు తిరిగేసరికి అదే రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించింది. 2026 డిసెంబర్ 31 వరకు గడువు ఇచ్చింది. గొడవ ముగిసింది కదా, మళ్లీ తవ్వడం ఎందుకనే మాటలు అప్పుడే వినిపిస్తున్నాయి. గొడవ ముగియలేదు. ఎందుకు ఆపారో హోం శాఖ దేశానికి చెప్పలేదు. ఎందుకు ఇచ్చారో కూడా చెప్పలేదు. ఈ రెండో మౌనం మొదటిదానికన్నా ప్రమాదకరం.

డిసెంబర్ 27న ఆ శాఖ విడుదల చేసిన ప్రకటనను మళ్లీ ఒకసారి చదవాలి. అర్హత నిబంధనలు నెరవేరనందువల్ల పునరుద్ధరణ దరఖాస్తును తిరస్కరించామన్నారు. పరిశీలనలో కొంత ‘ప్రతికూల సమాచారం’ కనిపించిందన్నారు. అంతే. ఆ సమాచారం డబ్బు లెక్కల గురించా? మత మార్పిడి గురించా? పిల్లల సంరక్షణ గురించా? ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు? ఒక్క ముక్క లేదు. బ్యాంకు ఖాతాల విషయంలో మాత్రం వివరణకు కొదవ లేదు. ఖాతాలను మేం స్తంభింపజేయలేదు, ఆపమని ఆ సంస్థే స్టేట్ బ్యాంకుకు లేఖ రాసుకుంది అని విడమరిచి చెప్పారు. ఖాతాలన్నీ కేంద్రమే స్తంభింపజేసిందని అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ట్వీట్ చేయడం తొందరపాటే. సంస్థ కూడా ఆ మాటను సరిదిద్దింది. కానీ ఖాతా ఎవరు ఆపారన్న తగువులో దేశం కొట్టుకుంటుంటే, అనుమతి ఎందుకు ఆగిందన్న అసలు ప్రశ్న పక్కకు పోయింది.

ఇప్పుడు అదే ప్రశ్నకు ఇంకొకటి తోడైంది. డిసెంబర్‌లో అంత తీవ్రంగా కనిపించిన ప్రతికూల సమాచారం జనవరి మొదటి వారానికి ఏమైంది? అది నిజమైతే రెండు వారాల్లో ఎలా మాఫీ అయింది? అబద్ధమైతే దాన్ని ఫైల్లోకి ఎక్కించింది ఎవరు, వాళ్ల మీద చర్య ఏది? కాగితాల్లో చిన్న లోటు ఉండి, దాన్ని పూడ్చుకుంటే సరిపోయేదే అయితే, ఒక్క నోటీసుతో పోయేదాన్ని తిరస్కరణ దాకా ఎందుకు లాగారు? వీటిలో ఏది జరిగినా జవాబు చెప్పాల్సింది హోం శాఖే.

ఇంతకీ ఈ టెన్షన్ అంతా ఎవరి మీద పడింది? కలకత్తాలో కాళీఘాట్ గుడిని ఆనుకుని నిర్మల్ హృదయ్ ఉంది. ఒకవైపు మగవాళ్లు, ఇంకోవైపు ఆడవాళ్లు, నేలకు దగ్గరగా వరసగా మంచాలు. ఫుట్‌పాత్ మీద, రైల్వే స్టేషన్ల దగ్గర పడిపోయినవాళ్లను అక్కడికి తెస్తారు. ఒళ్లు తుడుస్తారు, పుళ్లు కడుగుతారు, అన్నం కలిపి నోట్లో పెడతారు. కొందరు కోలుకుని వెళ్తారు. వెళ్లలేనివాళ్లకు అంత్యక్రియలు వాళ్ల వాళ్ల మతం ప్రకారమే జరుగుతాయి. అక్కడ పనిచేసే సిస్టర్లు కట్టే నీలి అంచు తెల్ల చీరను టీటాగఢ్‌లోని వాళ్ల కేంద్రంలో కుష్ఠు సోకినవాళ్లు మగ్గాల మీద నేస్తారు. ఊరు తరిమేసిన చేతులు నేసిన గుడ్డను రోజూ ఒంటి మీద వేసుకుని తిరగడమంటే ఏమిటో, అంటరానితనం ఎరిగిన మన సమాజానికి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పని నిన్న మొన్న మొదలైంది కాదు. సంస్థ 1950లో పుట్టింది. 1952లో, వీధిలో చావుకు దగ్గరైన మనుషులను ఏ ఆస్పత్రీ చేర్చుకోవడం లేదని మదర్ థెరిసా వెళ్లి కలకత్తా కార్పొరేషన్ తలుపు తట్టింది. నిర్మల్ హృదయ్ కోసం, యాత్రికులకు కట్టిన సత్రాన్ని ఇచ్చింది ఆ కార్పొరేషనే. చర్చి ఇవ్వలేదు, విదేశీ దాత ఇవ్వలేదు. తన వీధుల్లో తన ప్రజలు చచ్చిపోతుంటే చూసుకోలేని ఒక నగర పాలక సంస్థ, చూసుకుంటానన్నవాళ్లకు చోటు చూపించింది. చాలామంది మరిచిపోయిన సంగతి ఇది.

అప్పుడూ అభ్యంతరాలు వచ్చాయి. గుడి పక్కన క్రైస్తవ సన్యాసినులు ఏం చేస్తున్నారు, చనిపోయేవాళ్ల మతం మారుస్తున్నారేమోనని స్థానికులు ఆందోళనకు దిగారు. పోలీసు అధికారి ఒకరు స్వయంగా లోపలికి వెళ్లి చూసొచ్చి, మీ ఇళ్లలోని ఆడవాళ్లు వచ్చి ఈ పని చేస్తామంటే ఈమెను పంపించేస్తానని ఆందోళనకారులకు చెప్పాడని ఆమె జీవిత చరిత్రల్లో ఉంది. ఆ అధికారి చేసిన పని గమనించండి. ఫిర్యాదును కొట్టిపారేయలేదు. వెళ్లాడు, చూశాడు, తాను చూసిందేమిటో నలుగురి ముందు నిలబడి చెప్పాడు. 70 ఏళ్ల తర్వాత, ఇన్ని నిఘా విభాగాలు, ఇన్ని ఆడిట్లు చేతిలో ఉన్న ప్రభుత్వం ఆ మాత్రం చేయలేకపోయింది.

మన తెలుగువాళ్లకూ ఆ చీరలు కొత్త కాదు. 1977 నవంబర్‌లో ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు మదర్ థెరిసా వచ్చింది. విజయవాడలో ఆ సంస్థ నడిపే నిర్మల్ హృదయ్ భవన్ ఇప్పటికీ ఉంది.

విమర్శలు లేవని మేము అనడం లేదు. నొప్పి తగ్గించే మందులు సరిగా వాడలేదని లాన్సెట్ వైద్య పత్రికలో 1994లోనే ఒక వైద్యుడు రాశాడు. విరాళాల లెక్కలు బయటపెట్టరన్న మాట చాలాకాలంగా ఉంది. 2018లో రాంచీలో పసిబిడ్డను అమ్మారన్న కేసు, 2021 డిసెంబర్‌లో వడోదరలో మత మార్పిడి ఆరోపణతో పెట్టిన కేసు ఉన్నాయి. విదేశీ డబ్బు మీద ఏ దేశానికైనా అదుపు ఉండాలి. అన్నీ ఒప్పుకోవాల్సినవే. అయితే రాంచీ కేసుకు రాంచీలో కోర్టు ఉంది, వడోదర కేసుకు వడోదరలో కోర్టు ఉంది. లెక్కలు తేడాగా ఉంటే ఆడిట్ ఉంది. ఇవేవీ కారణమని హోం శాఖ అనలేదు. అననిదాన్ని ఆ శాఖ తరఫున మనం ఊహించి సమర్థించడం దేనికి?

అసలు భయం మిషనరీస్ ఆఫ్ చారిటీ గురించి కాదు. ఆ సంస్థను స్థాపించినామెకు నోబెల్ ఉంది, భారతరత్న ఉంది, ముఖ్యమంత్రులు ట్వీట్ చేస్తారు, ప్రపంచం అడుగుతుంది. కాబట్టే రెండు వారాల్లో తలుపు తెరుచుకుంది. 2022 జనవరి 1 నాటికి దేశంలో దాదాపు 6 వేల సంస్థల విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్లు రద్దయిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం దరఖాస్తే చేసుకోలేదని, తిరస్కరించినవి 179 అని అధికారులు చెప్పారు. ఆ 179 సంస్థల్లో ఎన్నింటి పేర్లు మనకు తెలుసు? వాటి కోసం ఎవరు ట్వీట్ చేశారు? ఒక జిల్లా కేంద్రంలో బస్టాండ్ వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని పాతికమంది దిక్కులేని ముసలివాళ్లకు అన్నం పెట్టే సంస్థకు ఇలాంటి లేఖే వస్తే? ప్రతికూల సమాచారం అన్న రెండు మాటలతో దాని కథ ముగిసిపోతుంది. కారణం చెప్పకుండా ఆపడం ఆనవాయితీ అయితే మొదట బలయ్యేది ఈ పేరు లేనివాళ్లే.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలోనే ఈ లొసుగు ఉంది. తిరస్కరిస్తే కారణం రాసి దరఖాస్తుదారుకు ప్రతి ఇవ్వాలని అందులో ఉంది. ఆ వెంటనే, సమాచార హక్కు చట్టం కింద వెల్లడించనక్కర్లేని సందర్భాల్లో చెప్పకపోయినా ఫర్వాలేదన్న మినహాయింపూ ఉంది. ఈ చట్టం తొలి రూపం 1976లో, ఎమర్జెన్సీలో వచ్చింది. 2010లో యూపీఏ సర్కారు దాన్ని తిరగరాసి అయిదేళ్లకోసారి పునరుద్ధరణ చేయించుకోవాలన్న షరతు పెట్టింది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా జనం కదిలినప్పుడు ఆ సర్కారే దీన్ని స్వచ్ఛంద సంస్థల మీదికి ఎక్కుపెట్టింది. 2020లో ఎన్డీయే సర్కారు ఇంకా బిగించింది. విదేశీ డబ్బంతా ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకి రావాలి, ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, నిర్వహణ ఖర్చు 50 శాతం నుంచి 20కి తగ్గాలి. పెద్ద సంస్థల నుంచి చిన్నవాటికి పారే కాలువ ఆ దెబ్బతో ఎండిపోయింది. ఈరోజు పార్లమెంటులో గట్టిగా అరిచే కాంగ్రెస్ తాను రాసిన చట్టాన్ని మరిచిపోతే కుదరదు. ఈరోజు చప్పట్లు కొడుతున్నవాళ్లు రేపు ప్రభుత్వం మారితే ఇదే మాట, ప్రతికూల సమాచారం, తమకు నచ్చిన సేవా సంస్థల గుమ్మంలోకి రాదని అనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. గోశాలకైనా, వేద పాఠశాలకైనా, మదర్సాకైనా, అనాథాశ్రమానికైనా కారణం చెప్పని అధికారం ఒకటే.

ఇందులో ఉన్న రెండు నాల్కల ధోరణి ఇంకా మండిస్తుంది. 1980లో భారతరత్న ఇచ్చింది ఈ దేశమే. 1997లో ఆమె పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపిందీ ఈ దేశమే. 2016లో వాటికన్ ఆమెను సెయింట్‌గా ప్రకటించినప్పుడు అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ నాయకత్వంలో ప్రతినిధి బృందం రోమ్ వెళ్లింది. ప్రధాని మన్ కీ బాత్‌లో ఆమె సేవను కొనియాడారు. అంత గౌరవించిన సంస్థలో తప్పు కనిపిస్తే చెప్పే ధైర్యం ఉండాలి. తప్పు లేకపోతే క్రిస్మస్ నాడు ఆ తిరస్కరణ ఎందుకు?

నిరాశ్రయుల విషయంలో ప్రభుత్వాల రికార్డు చూస్తే సిగ్గేస్తుంది. 2011 జనగణన ప్రకారమే దేశంలో ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షల మంది. అందులో సగానికి పైగా పట్టణాల్లోనే. లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అర్ధరాత్రి సికింద్రాబాద్ స్టేషన్ బయట ఫుట్‌పాత్ చూసినవాళ్లకు అది ఎంత అమలైందో తెలుసు. 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తోందని హైదరాబాద్‌లో బిచ్చగాళ్లను పోగుచేసి ఎక్కడ పెట్టారు? చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ప్రాంగణాల్లో. అడుక్కోవడాన్ని నేరం చేసిన 1977 నాటి చట్టం మన దగ్గర ఇంకా చెలామణిలో ఉంది. ఇల్లు లేని మనిషి అంటే పాలకులకు గుర్తొచ్చేది అతిథుల కంట పడకుండా దాచడమే. అలాంటి మనిషిని పేరు పెట్టి పిలిచి మంచం వేసేవాళ్ల మీద మాత్రం అనుమానం.

అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ఈ విషయంలో మేలు. ఆ రాష్ట్రంలో మిషనరీస్ ఆఫ్ చారిటీ నడిపే 13 కేంద్రాలకు సీఎం సహాయ నిధి నుంచి రూ.78.76 లక్షలు మంజూరు చేశారు. అక్కడున్న మనుషులు ఒడిశా పౌరులు, వాళ్లు పస్తు పడుకుంటే తప్పు ప్రభుత్వానిదే అన్న స్పృహ అందులో ఉంది. ఆ స్పృహ తెలుగు రాష్ట్రాల్లో రావడానికి ఇంకో సంస్థ ఖాతా ఆగే దాకా వేచి ఉండక్కర్లేదు.

హోం శాఖ చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. డిసెంబర్ 25న ఏ నిబంధన కింద, ఏ ఆధారంతో తిరస్కరించారో బయటపెట్టాలి. జనవరిలో ఏ కాగితం చూసి మనసు మార్చుకున్నారో చెప్పాలి. తిరస్కరణకు గురైన మిగతా సంస్థలకు కూడా విడివిడిగా కారణాలు రాసివ్వాలి, వాటికీ తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వాలి. ఖాతాలను స్తంభింపజేసింది మేం కాదని చెప్పుకోవడానికి ఆగమేఘాల మీద ప్రకటన ఇచ్చిన అధికారులకు ఈ నాలుగు మాటలు రాయడానికి తీరిక లేదంటే ఎవరూ నమ్మరు. చెప్పకూడదని నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం ఎవరిదో అయినా చెప్పండి.