పిస్టన్ కరిగిందని పైపులు విప్పకండి

వారం రోజులుగా ఒకటే మెసేజ్. రాయగడ నుంచి ఒకరు పంపారు, నవరంగపురం నుంచి ఇద్దరు పంపారు, జయపురంలో నా మెకానిక్ షెడ్డు పక్కనే టైర్లకి పంక్చర్లు వేసే కుర్రాడూ పంపాడు. ‘పిస్టన్ కరిగిందా? గ్యారేజీలకి డబ్బు తగలెయ్యకండి. డ్రైవర్ సోదరులారా, మీరే బాగు చేసుకోండి’ అని మొదలవుతుంది. కింద ఆరు చిట్కాలు. ఆఖర్న పదిమందికి పంపమని. మొదట్లో చదివి పక్కన పడేశాను. మంగళవారం రాత్రి సాలూరు బావ ఫోన్ చేశాక మాత్రం ఊరుకోలేకపోతున్నాను.

సిమెంట్ లోడు లారీతో సుంకి ఘాటీ ఎక్కాడు. పైకొచ్చేసరికి బండి లాగడం మానేసింది. తెల్లటి పొగ, టకటకమని చప్పుడు, ఆయిల్ మూత తీస్తే బుసబుసమని ఆవిరి. పొట్టంగి దాటకుండానే పక్కకి ఆపాడు. ‘బావా, పదిహేడు నంబరు స్పానర్ తీశాను. మెసేజ్‌లో చెప్పినట్టు పైపులు ఒక్కొక్కటీ లూజు చేసి చూడమంటావా?’ అన్నాడు. ఇంజన్ స్టార్టింగ్‌లోనే ఉంది. ఫోన్‌లో నాకు ఆ చప్పుడు వినబడుతోంది. ‘ముందు ఇంజన్ ఆపు, స్పానర్ కింద పెట్టు’ అని అరిచాను. జీవితంలో బావ మీద అంత గట్టిగా అరిచింది అదే.

అందుకే ముందు ఆ రెండో చిట్కా సంగతే చెబుతాను. ‘ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపుల నట్లు ఒక్కొక్కటీ లూజు చేయండి. ఏది విప్పితే చప్పుడు మారదో ఆ సిలిండరే పోయింది.’ ఇది అబద్ధం కాదు. ఒక్కో సిలిండర్‌కి పంపే విడివిడిగా డీజిల్ కొట్టే పాత ఇన్‌లైన్ పంపు బళ్ళలో మా గురువు నాకు నేర్పింది ఇదే, నేను చేసిందీ ఇదే. కానీ బావది బీఎస్ ఫోర్ (పొగ కాలుష్య నిబంధనల్లో నాలుగో మెట్టు) బండి. కామన్ రైల్, అంటే డీజిల్ అంతా గట్టి ప్రెషర్‌తో ఒకే గొట్టంలో నిలిచి, అక్కణ్ణించి సిలిండర్లకి వెళ్ళే పద్ధతి. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ ఫోర్ వచ్చింది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ సిక్స్. ఇవాళ ఈ ఘాటీ ఎక్కే బళ్ళలో చాలావాటికి ఆ పైపే ఉంటుంది. లారీ టైరులో గాలి ప్రెషర్ ఎనిమిది బార్లు ఉంటుందనుకోండి. కామన్ రైల్ పైపులో డీజిల్ 1600 బార్లు, కొన్నిట్లో అంతకు మించి కూడా ఉంటుంది. నట్టు కాస్త వదులైతే చాలు, వెంట్రుకంత సన్నటి ధార వస్తుంది. కంటికి కనబడదు. గ్లౌజు వేసుకున్నా దూసుకుపోతుంది.

నేను చూశాను. ఒక షెడ్డులో హెల్పర్ కుర్రాడు, పంతొమ్మిదేళ్ళు. పైపు దగ్గర తడి ఎక్కడుందోనని చూపుడువేలితో తడిమాడు. ముల్లు గుచ్చుకున్నట్టు చిన్న చుక్క, అంతే. రక్తం కూడా సరిగా రాలేదు. నొప్పి లేదన్నాడు. పసుపు రాసుకుని పని చేసుకున్నాడు. తెల్లారేసరికి చెయ్యి మణికట్టు దాకా వాచి, వేలు నల్లబడింది. చర్మం కిందకి వెళ్ళిన డీజిల్ లోపల కండని తినేస్తుంది. వెంటనే ఆపరేషన్ చేసి కడిగితే వేలు దక్కే అవకాశం ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది. వాడు విశాఖ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రెండు కణుపులు తీసేశారు. ఇప్పటికీ వాడు నట్టు పట్టుకోవాలంటే మధ్యవేలితో పడుతున్న అవస్థ నా కళ్ళముందే ఉంటుంది. ఈ మెసేజ్ రాసినవాడికి ధైర్యముంటే ముందు తన వేలు ఆ పైపు మీద పెట్టి, ఆ తర్వాత పదిమందికి పంపమనాలి.

ఎవరికైనా అలా డీజిల్ చిమ్మి గుచ్చుకుంటే చుక్క చిన్నదే కదా అని ఊరుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ‘ప్రెషర్‌తో డీజిల్ లోపలికెళ్ళింది’ అని డాక్టర్‌కి ఆ మాటే చెప్పండి. లేకపోతే ఆయన కూడా ముల్లే అనుకునే ప్రమాదముంది.

మరి ఏ సిలిండరో తెలిసేదెలా? స్కానర్ పెడితే ఒక్కో సిలిండర్‌ని ఆపి చూపిస్తుంది. అనుమానమున్న చోట, ఇంజన్ ఆపి, ప్రెషర్ దిగేదాకా ఆగి, నాజిల్ (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్) విప్పి ఆ కన్నంలోంచి సన్న కెమెరా దింపితే పిస్టన్ నెత్తి కళ్ళకి కట్టినట్టు కనబడుతుంది. రోడ్డు పక్కన ఈ రెండూ లేవా? అయితే బండి లాగించుకురావడమే. ఖర్చే. వేలికన్నా చవకే.

మొదటి చిట్కా, ‘పిస్టన్ కరగడానికి ఒకటే కారణం, కల్తీ డీజిల్.’ ట్యాంకులో ఉన్న డీజిల్ ఆరు సిలిండర్లకీ పోతుంది కదా, ఒక్క నాలుగోది మాత్రమే ఎందుకు కరుగుతుంది? కల్తీ వల్ల నాజిళ్ళు అరిగిపోయేది నిజమే, దాన్ని కాదనను. కానీ కరిగిన పిస్టన్ తనంతట తానే సాక్ష్యం చెబుతుంది. ఒక్కటే కరిగి మిగతా ఐదూ బాగుంటే తప్పు ఆ సిలిండర్‌లోనే వెతకాలి. నాజిల్ కారుతోందా, పిస్టన్ కిందకి ఆయిల్ చిమ్మే జెట్ వంగిందా, మూసుకుపోయిందా? అన్నిటి నెత్తులూ కాలినట్టుంటే గాలి చాలలేదన్నమాట. ఎయిర్ ఫిల్టర్ నిండిపోవడం, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో హోసు చీలడం, లేదా ఎవరో ఇంజన్‌కి వెళ్ళే డీజిల్ మోతాదు పెంచేయడం. నెత్తి బాగానే ఉండి పక్కల నిలువు గీతలు పడితే ఆయిల్ సంగతో నీళ్ళ సంగతో చూడాలి. లోపల మంట రెండు వేల డిగ్రీలు దాటుతుంది, పిస్టన్‌లోని అల్యూమినియం ఆరు వందలకి ఇటే మెత్తబడిపోతుంది. రింగులు వేడిని లైనర్‌కి (పిస్టన్ ఆడే గొట్టానికి) అందిస్తూ, కింద నుంచి ఆయిల్ చల్లబరుస్తూ ఉండబట్టే అది బతుకుతోంది. ఆ రెంటిలో ఒకటి తప్పినా ఘాటీ మీద ఫుల్ లోడులో ఎంతోసేపు నిలవదు.

మూడోది, ‘ఒక్క పిస్టన్ మార్చి, లైనర్‌ని ఎమరీ పేపర్‌తో రుద్ది, హెడ్డు (ఇంజన్ పై మూత) బిగించేయండి. ఒక రోజు పని.’ కరిగిన అల్యూమినియం ఎక్కడికి పోయిందో ఒక్కసారైనా ఆలోచించారా? కొంత సైలెన్సర్ దారిలో టర్బో రెక్కల్ని కొట్టుకుంటూ పోయింది. మిగతాది ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగి, ఆయిల్ పంపు జాలీలో, ఆయిల్ కూలర్‌లో కూర్చుంది. అది కడగకుండా స్టార్ట్ చేస్తే బేరింగులు గీతలు పడి అరిగిపోతాయి. లైనర్‌ని ఎమరీతో నిలువుగా రుద్దితే ఆయిల్ నిలవదు. లైనర్ పాడైతే లైనర్ కూడా మార్చాలి, అది బ్లాక్ పైన ఎంత లేచి ఉందో డయల్ గేజ్‌తో చూడాలి. కనెక్టింగ్ రాడ్ వంగిందేమో లేత్ షాపులో చూపించాలి. కొత్త పిస్టన్ బరువు మిగతావాటితో తూచి వేయాలి.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఒక్క పిస్టన్ పోయినంత మాత్రాన ఆరూ మార్చాలని బిల్లు రాసే షెడ్లు ఉన్నాయి. మిగతా ఐదు సిలిండర్ల బోర్లూ (లోపలి వెడల్పులు) కొలిచి, కొలతల్లో ఉంటే ఒక్క సిలిండర్‌కే లైనర్, పిస్టన్, రింగుల కిట్ వేసి పంపొచ్చు. నేను పంపాను, ఆ బళ్ళు తిరుగుతున్నాయి. కొలవకుండా ఆరూ రాసేవాళ్ళ మీది కోపంలోంచే ఈ మెసేజ్ పుట్టిందని నాకు తెలుసు. ఆ కోపం న్యాయమైనదే. అందుకే పాత సామాను కస్టమర్ చేతికి ఇవ్వకుండా నేను బిల్లు ఇవ్వను. మీరూ ఏ షెడ్డులోనైనా అడిగి తీసుకోండి.

నాలుగోది, ఘాటీకి పికప్ కావాలంటే డీజిల్ పెంచించమని. పిస్టన్ కరిగే దారుల్లో అదొకటని పైన చెప్పాను. చిక్కటి ఆయిల్ పోస్తే పొగ తగ్గుతుందన్న ఐదోది చెత్త. ఆరోది, ఘాటీ ఎక్కాక రెండు మూడు నిమిషాలు స్లోలో నడిపి ఆపమని. ఇది మాత్రం అక్షరాలా నిజం, టర్బో కోసం తప్పక చేయండి.

బావ బండి బుధవారం లాక్కొచ్చాం. నాలుగో పిస్టన్ మధ్య గుంట అంచు, కొవ్వొత్తి ఒకపక్క కారినట్టు, బొటనవేలంత మేర జారిపోయి ఉంది. నాజిల్‌ని బెంచి మీద పెడితే కారడం లేదు, స్ప్రే బాగానే ఉంది. మరి కారణమేంటని హెడ్డులో నాజిల్ కూర్చునే చోట టార్చి వేసి చూస్తే, అడుగున ఒక పాత రాగి వాషర్ మసిపట్టి అతుక్కుపోయి ఉంది. దాని మీద ఇంకొకటి. ఇదివరకు ఎక్కడో నాజిల్ మార్చినవాళ్ళు పాతది తీయకుండానే కొత్తది వేసేశారు. నాజిల్ ఒక వాషర్ మందం పైకి లేచి, డీజిల్ గుంటలో పడాల్సింది అంచు మీద పడుతోంది. కల్తీ లేదు, ఏమీ లేదు. రెండు వాషర్లూ అగ్గిపెట్టెలో వేసి బావ చేతికిచ్చాను. లైనర్, పిస్టన్, రింగులు ఒక్క సిలిండర్‌కే వేస్తున్నాం. సంపు కడిగాం, కూలర్ కడగాలి. శనివారానికి బండి రోడ్డెక్కుతుంది.