ఎన్‌ఓసీ ఉంది సరే, పంపు పనిచేస్తోందా?

"ఫ్లాట్ కొనేముందు ఫైర్ ఎన్‌ఓసీ ఉందో లేదో చూసుకుంటే చాలు" అని ఒక వ్యాసంలో చదివాను. ఫైర్ ఎన్‌ఓసీ అంటే అగ్నిమాపక శాఖ బిల్డింగ్‌కి ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఆ 'చాలు' దగ్గరే నా అభ్యంతరం. ఎన్‌ఓసీ ఇచ్చిన రోజున బిల్డింగ్ ఎలా ఉందో ఆ కాగితం చెబుతుంది, అంతవరకే.

హైదరాబాద్‌లో మా టవర్ పంప్ రూమ్ తెరిపించి చూస్తే, 'ఆటో'లో ఉండాల్సిన ఫైర్ పంపు స్విచ్ 'మాన్యువల్'లో ఉంది. ఇదేంటయ్యా అంటే, పైపులైన్‌లో ఎక్కడో లీకేజీ ఉందట, ప్రెజర్ పడిపోయి జాకీ పంపు (పైపుల్లో ప్రెజర్ నిలబెట్టే చిన్న పంపు) మాటిమాటికీ ఆన్ అవుతోందట, కరెంటు దండగని ఆపేశారట! అర్ధరాత్రి పొగ కమ్ముకుంటే సెల్లార్‌లోకి పరిగెత్తి ఆ స్విచ్ తిప్పేదెవరు? పోనీ లీకేజీ పట్టుకుందామంటే వాల్వులు ఎక్కడున్నాయో చూపించే డ్రాయింగులు లేవు. బిల్డర్‌ని అడిగితే రంగురంగుల బ్రోషర్ పంపాడు.

లండన్‌లో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది చనిపోయాక, ఇంగ్లండ్‌లో 2022లో బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చింది. 18 మీటర్ల ఎత్తు లేదా 7 అంతస్తులు, ఆపైన ఉన్న నివాస భవనాలను రిజిస్టర్ చేయాలి, భద్రతకు జవాబుదారీ ఎవరో చెప్పాలి, రికార్డులు డిజిటల్‌గా ఉంచాలి. కామన్ ఏరియాలో ఫైర్ డోర్లను, అంటే మంటను, పొగను ఆపేందుకు మూసి ఉండాల్సిన తలుపులను, మూడు నెలలకోసారి తనిఖీ చేయాలన్న రూల్ కూడా ఉంది. మన దగ్గర ఆ తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెడతారు, గాలి వస్తుందని.

వచ్చే జనరల్ బాడీ మీటింగ్‌లో పెయింటింగ్ సంగతి తర్వాత, హైడ్రెంట్ (మంటలార్పే గొట్టం తగిలించే నీటి కనెక్షన్) నుంచి చివరిసారి నీళ్లు వదిలి చూసిందెప్పుడో అడగండి. నోటిమాట కాదు, రిజిస్టర్ చూపించమనండి.