కొత్త బ్యాటరీ కొనే ముందు: వాట్సాప్‌లో తిరుగుతున్న ఆ ఐదు చిట్కాల గురించి

"పాత కారు పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవట్లేదా? ఈ ఐదు చిట్కాలు చాలు" అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా ఇంటి గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో చెప్పేవి ఇవీ: రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతే అది పోయినట్టే, కొత్తది వేయించండి. ఎర్త్ వైరు (బ్యాటరీ నెగటివ్ నుంచి కారు బాడీకి వెళ్ళేది) విప్పి టెర్మినల్‌కి తాకించినప్పుడు నిప్పురవ్వ వస్తే కరెంటు లీకవుతున్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకినా బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది) బాగున్నట్టు. రోజూ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచితే సమస్యే ఉండదు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూస్తే ఎక్కడ లీకవుతోందో తెలిసిపోతుంది.

వీటిలో చివరిది సగం నిజం. మిగతావి డబ్బు దండగ, కొన్నైతే ప్రమాదం కూడా.

ముందు బ్యాటరీ సంగతి. పాత మారుతి 800, ఆల్టో లాంటి చిన్న కార్లలో ఉండేది 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ (అంటే గంటకు ఒక ఆంపియర్ అవర్ చొప్పున లాగితే 35 గంటలు వచ్చేది), కాస్త అటూఇటూగా. కారు ఆపి తాళం తీసేశాక కూడా మ్యూజిక్ సిస్టమ్ మెమరీ, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ లాంటివి కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. పాత కారులో అది 20, 30 మిల్లీఆంపియర్లు (వెయ్యి కలిస్తే ఒక ఆంపియర్) ఉంటుంది, 50 దాకా ఉన్నా కంగారు లేదు. 50 అనుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్ పోతుంది, అంటే మంచి బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు పడుతుంది. అదే ఎక్కడో తేడా వచ్చి 400 మిల్లీఆంపియర్లు లాగుతుంటే రోజుకు 9.6 పోతుంది, రెండు రోజుల్లో సగం ఖాళీ. డిక్కీలో ఆరకుండా వెలుగుతున్న ఒక్క 5 వాట్ల బల్బు చాలు దీనికి. ఇలాంటి కారులో మీరు కొత్త బ్యాటరీ వేస్తే అది కూడా దిగుతుంది, పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ మాటిమాటికీ పూర్తిగా దిగిపోతే లోపల ప్లేట్లు పాడై నిజంగానే చచ్చిపోతుంది. మా బాబాయి 14 నెలల్లో రెండు బ్యాటరీలు మార్పించాడు. రెండుసార్లూ వారం బాగానే ఉంది, తర్వాత మళ్ళీ మామూలే, పొద్దున్నే వీధిలో పిల్లల్ని పిలిచి బండి తోయించడం.

తప్పు బ్యాటరీదా, కారుదా అని తేల్చుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. బ్యాటరీ ఫుల్ ఛార్జ్ చేయించి, రాత్రి ఎర్త్ వైరు విప్పేసి పడుకోండి. పొద్దున వైరు బిగించే ముందు మల్టీమీటరుతో (వోల్టులు, కరెంటు కొలిచే చిన్న పరికరం) చూస్తే 12.5 వోల్టులో, అంతకు మించో ఉండి, బిగించగానే బండి లేచిందంటే బ్యాటరీకి ఏ రోగమూ లేదు, కారే తాగేస్తోంది. వైరు విప్పి ఉంచినా 12 దగ్గరికి పడిపోయిందా, అప్పుడు మార్చండి.

నిప్పురవ్వ పరీక్ష గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మెకానిక్‌లే చాలామంది ఇది చేస్తారు. ఏ లోపమూ లేని కారులో కూడా వైరు తాకించగానే చిన్న రవ్వ వస్తుంది. మ్యూజిక్ సిస్టమ్‌లో, ఇంజిన్ కంప్యూటర్‌లో ఉండే కెపాసిటర్లు (కాస్త కరెంటు దాచుకునే భాగాలు) ఒక్కసారిగా నిండుతాయి కదా, అదీ కారణం. డోరు తెరిచి ఉంటే లోపలి లైటు కూడా తోడవుతుంది. రవ్వ చూసి 30 మిల్లీఆంపియర్లా 300 మిల్లీఆంపియర్లా అని ఎవరూ చెప్పలేరు. ఇంకో సంగతి, ఛార్జ్ అయిన బ్యాటరీ చుట్టూ హైడ్రోజన్ వాయువు ఉంటుంది, అక్కడ కావాలని రవ్వ పుట్టిస్తే బ్యాటరీ పేలి యాసిడ్ ముఖాన పడొచ్చు. దయచేసి చేయకండి.

కొలవాలంటే మామూలు మల్టీమీటరు చాలు. తాళం తీసేసి, డోర్లన్నీ మూసేయండి. మీటరు ఎర్ర వైరును దాని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పి, ఆ విప్పిన వైరుకీ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ మధ్య మీటరు పెట్టండి. మొదట్లో అంకె ఎక్కువ చూపిస్తుంది, ఒక అరగంట ఆగి అప్పుడు చూడండి. మీటరు అలా ఉండగా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. పని అయ్యాక ఎర్ర వైరును వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోకండి, మర్చిపోయి అలాగే బ్యాటరీకి పెడితే నేరుగా షార్ట్ సర్క్యూటే.

ఇంజిన్ నడుస్తుండగా వైరు పీకడం ఆల్టర్నేటర్లు రాకముందు, డైనమోల కాలం నాటి అలవాటు, అప్పట్లో పాడవడానికి కారులో ఎలక్ట్రానిక్స్ ఉండేవి కావు. ఇప్పుడు అలా పీకితే ఆల్టర్నేటర్ వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, దాని లోపలి డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాలు) గానీ, ఇంజిన్ కంప్యూటర్ గానీ కాలిపోవచ్చు. బండి ఆగకపోయినా ఆల్టర్నేటర్ బాగున్నట్టు కాదు. నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు ఉంటే ఛార్జింగ్ అవుతున్నట్టు, అంతవరకే.

పది నిమిషాల స్టార్టింగ్ చిట్కాకి లెక్క చాలు. ఐడిల్‌లో 10 ఆంపియర్లు బ్యాటరీకి వెళ్ళాయనుకున్నా పది నిమిషాలకు 1.7 ఆంపియర్ అవర్ కూడా రాదు, రోజుకు 9 పోతుంటే దానితో ఏమవుతుంది? మూసిన షెడ్డులో అలా స్టార్ట్ చేసి ఉంచడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక ఫ్యూజులు. చాలాసార్లు ఇది పనిచేస్తుంది, కాదనను. మీటరు పెట్టి ఉంచి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే దేనికి అంకె పడిపోయిందో ఆ లైనులోనే తేడా. ఎక్కువగా దొరికేది బయట షాపులో పెట్టించిన సామానే: మ్యూజిక్ సిస్టమ్, సెంట్రల్ లాకింగ్, రివర్స్ కెమెరా. మ్యూజిక్ సిస్టమ్‌కి పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి, ఎర్ర వైరు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకి వెళ్ళాలి. పని తొందరగా అవుతుందని రెండూ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేస్తే ఆ సిస్టమ్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు.

కానీ అన్ని లైన్లూ ఆ ఫ్యూజు బాక్సు గుండా పోవు. బాబాయి కారు 2004 మోడల్, మీటరు పెడితే 0.38 ఆంపియర్లు, అంటే 380 మిల్లీఆంపియర్లు, చూపించింది. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజులన్నీ పీకాం, బానెట్ కింద ఉన్నవీ పీకాం. 0.38 కాస్తా 0.36 అయింది, అంతే. ఆ మెసేజ్ ప్రకారమైతే కారులో లీకేజీ లేదు, మళ్ళీ బ్యాటరీ కొనాలి! మిగిలింది ఆల్టర్నేటర్. దాని వెనక నుంచి లావు వైరు ఒకటి ఈ చిన్న ఫ్యూజులతో పని లేకుండా బ్యాటరీకి వెళ్తుంది. బ్యాటరీ ఎర్త్ పూర్తిగా విప్పి, ఆ లావు వైరు నట్టు తీసి, వైరు కొసకి టేపు చుట్టి, మళ్ళీ మీటరు పెట్టాం. 0.02.

ఆల్టర్నేటర్ లోపల డయోడ్లు ఉంటాయి, కరెంటు బ్యాటరీ వైపు పోవాలే తప్ప వెనక్కి రాకూడదు. ఒక డయోడ్ లీకై రాత్రంతా కరెంటు వెనక్కి పారుతోంది. ఛార్జింగ్ మాత్రం 14 వోల్టులు చక్కగా చూపించేది, అందుకే ఏడాదికి పైగా ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు. డయోడ్ ప్లేటు మార్పించడానికి అయిన ఖర్చు కొత్త బ్యాటరీ ధరలో సగం కూడా లేదు. మార్చాక ఫ్యూజులన్నీ పెట్టేసి మీటరు పెడితే 0.04 చూపించింది. మూడోది కొనబోయిన బాబాయి ఆగిపోయాడు, ఆ రెండో బ్యాటరీయే ఇప్పటికీ నడుస్తోంది.