అక్షరం చెక్కినవాడి పేరు కూడా వేయండి

ఇంగ్లీషులో టైప్ చేస్తూ ఇటాలిక్ బటన్ నొక్కగానే అక్షరాలు కుడివైపుకి వాలతాయి కదా, ఆ వాలు అక్షరాన్ని అచ్చు కోసం మొట్టమొదట ఉక్కు మీద చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఇటలీలోని బొలోన్యా ఊరివాడు, కంసాలుల ఇంట పుట్టినవాడు. అచ్చు చరిత్ర గురించి నేను చదివిన తెలుగు వ్యాసాల్లో యూరప్‌లో అచ్చుయంత్రానికి ఆద్యుడైన గూటెన్‌బర్గ్ తప్పకుండా ఉంటాడు. కాస్త వివరంగా రాస్తే వెనిస్ ప్రచురణకర్త ఆల్డస్ మాన్యుషియస్ కూడా ఉంటాడు. గ్రిఫో మాత్రం కనపడడు. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఆల్డస్‌ని తక్కువ చేయాలని కాదు, ఆయనంటే నాకెంతో గౌరవం. గ్రీకు, లాటిన్ పాఠాలు చెప్పుకునే పంతులు, నలభై ఏళ్లు దగ్గరపడ్డాక వెనిస్ చేరి అచ్చు పనిలో దిగాడు. 1495-98 మధ్య అరిస్టాటిల్‌ని మూల గ్రీకులోనే ఐదు సంపుటాలుగా వేశాడు. 1501లో ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే సైజులో తెచ్చాడు. అప్పటిదాకా అలాంటి కావ్యాలంటే చాలావరకు బల్ల మీద పెట్టుకుని చదవాల్సిన బరువైన పుస్తకాలు, చుట్టూ వ్యాఖ్యానాలు. ఆయన వ్యాఖ్యానం తీసేసి మూలం ఒక్కటే ఇచ్చాడు. 1508లో డచ్ పండితుడు ఎరాస్మస్ ఆ ప్రెస్సులోనే ఒక మూల కూర్చుని రాస్తుంటే, రాసింది రాసినట్టు కంపోజింగుకి వెళ్లేది. ఆఖరి ప్రూఫు ఆల్డస్ స్వయంగా చూసేవాడు. అంత శ్రద్ధ ఉన్న మనిషి.

కానీ ఆ పేజీల మీదున్న అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆల్డస్ కోసం వాటిని చెక్కింది గ్రిఫోనే. ఆ పని ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. వేలెడంత ఉక్కు కడ్డీ, దాని కొన మీద అక్షరం తిరగేసి చెక్కాలి. ఆకురాయితో రాస్తూ, సన్నటి ఉలితో గీస్తూ, మధ్యమధ్యలో ఆ కొనని దీపం మంట మీద మసి పట్టించి కాగితం మీద అద్ది చూసుకోవాలి. వెంట్రుకవాసి ఎక్కువ పోయిందంటే మళ్లీ మొదటికి. కుదిరాక ఉక్కుని కాల్చి గట్టిపరిచి, రాగి దిమ్మ మీద కొట్టి అచ్చు దించాలి. ఆ రాగి అచ్చులో సీసం కలిసిన లోహం పోస్తే అప్పుడు ఒక అక్షరం. ఇలా ప్రతి అక్షరానికీ చేయాలి. గ్రీకుకైతే అచ్చుల (vowels) మీద స్వర చిహ్నాలు కూడా ఉంటాయి, వాటితో కలిపి మళ్లీ విడివిడిగా. గుణింతాలు, ఒత్తులు రాసే మనకి ఆ కష్టం ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

వర్జిల్ పుస్తకం కోసం గ్రిఫో అప్పటి పండితుల చేతిరాతను లోహంలోకి దించాడు. చిన్న అక్షరాలే వాలుగా ఉంటాయి, పెద్ద అక్షరాలు నిటారుగానే నిలబడి ఉంటాయి. చేతిరాతలో కలిసిపోయే అక్షరాలను జంటగా చెక్కాడు. ఆ పుస్తకంలో ఆల్డస్ గ్రిఫో చేతిని మెచ్చుకుంటూ ఒక చిన్న పద్యం వేశాడు. అది ఆయన మంచితనమే, ఒప్పుకుంటాను. అయితే హక్కుల దగ్గరికి వచ్చేసరికి, 1502లో వెనిస్ సెనేట్ ఆ అక్షరాల మీద రక్షణ ఇచ్చింది ఆల్డస్ పేరు మీద. చెక్కినవాడికి అందులో చోటు లేదు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరపు ప్రింటర్లు ఆ అక్షరాలనీ పుస్తకాలనీ కాపీ కొడితే, 1503లో ఆల్డస్ వాళ్ల పుస్తకాల్లోని తప్పుల జాబితా అచ్చేసి మరీ మండిపడ్డాడు. తన శ్రమ దోచుకున్నారన్న ఆ కోపం న్యాయమైనదే. అదే న్యాయం గ్రిఫోకి ఎందుకు వర్తించదు?

గ్రిఫో ఆల్డస్‌ని వదిలి ఫానో ఊళ్లోని గెర్షోమ్ సోన్చినో అనే ప్రింటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ సోన్చినోనే 1503లో, ఇటాలియన్ కవి పెట్రార్క్ పుస్తకం ముందుమాటలో, ఈ అక్షరాలు ఫ్రాంచెస్కో సృష్టి అని, పేరు మాత్రం ఆల్డస్‌కి వచ్చిందని బాహాటంగా అచ్చేశాడు. ఐదు వందల ఏళ్ల కింద ఒక మనిషి ఆ మాట చెప్పాడంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

గ్రిఫోని దేవుణ్ణి చేయమనట్లేదు. చివర్లో ఏదో గొడవలో సొంత అల్లుణ్ణి ఇనుప కడ్డీతో కొట్టి చంపాడు, ఆ తర్వాత చరిత్రలో జాడ లేకుండా పోయాడు. నేరం నేరమే. కానీ అక్షరాలు ఆయనవి కాకుండా పోవు.

1496లో ఆల్డస్ వేసిన, ఇటాలియన్ రచయిత పియెత్రో బెంబో రాసిన చిన్న పుస్తకం కోసం గ్రిఫో చెక్కిన నిలువు అక్షరాలున్నాయి. మనం ఇవాళ వాడే సెమీకోలన్ (;) కూడా అచ్చులో ఆ పుస్తకంతోనే మొదలైంది. 1929లో అచ్చు అక్షరాలు తయారుచేసే మోనోటైప్ కంపెనీ ఆ అక్షరాలనే ఆధారం చేసుకుని ఒక ఫాంటు తెచ్చి దానికి పెట్టిన పేరు బెంబో. రచయిత పేరు!

మన దగ్గరా అంతే. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్ల పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ. మహానుభావులకు ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ ఆ ఫాంటులో క కింద ష ఒత్తు ఎంత దూరంలో ఉండాలో, ర వత్తు పక్క అక్షరానికి తగలకుండా ఎలా తిప్పాలో తల బద్దలుకొట్టుకుని గీసినవాళ్ల పేరు మనలో ఎంతమందికి తెలుసు?

పబ్లిషర్లకీ, సొంతంగా పుస్తకాలు వేసుకుంటున్న రచయితలకీ నా మనవి ఒక్కటే. ముఖచిత్రం ఎవరిదో వేస్తున్నారు, డీటీపీ ఎవరిదో వేస్తున్నారు, ప్రెస్సు పేరు వేస్తున్నారు. ఆ పేజీలోనే ఇంకొక్క లైను: ఫాంటు పేరు, దాన్ని గీసినవాళ్ల పేరు. ఫాంటు ఫైలు వివరాల్లో చాలాసార్లు అది ఉంటుంది, వెతికి తీయడానికి రెండు నిమిషాలు చాలు.