వైన్స్‌ల వైన్ అడిగినోడు

ముందుగాల అత్యంత గంభీరమైన విషయం ఒకటి మనవి చేస్తున్న. మన తెలంగాణల 2,620 వైన్స్ దుకాణాలున్నయ్, 2023ల ఒక్కో దరఖాస్తుకు వాపసు రాని 2 లక్షలు కట్టి మరీ జనం లాటరీల నిలబడ్డరు, 2025ల అది 3 లక్షలైంది. గిన్ని వైన్స్‌లున్నయ్ గదా అని నల్గొండ కాడ ఒక దుకాణంకు పోయి "తమ్మీ, వైన్ ఉందా" అన్న. పిల్లగాడు నన్ను కిందికెల్లి మీదికి చూసి "బాలింతకా సార్, బ్రాండీ అయితే ఉంది" అన్నడు.

గా అవమానం తట్టుకోలేకనే బత్తాయి తోటల ఒక మూలకు కడీలు పాతి, తీగ గుంజి, నలభై ద్రాక్ష మొక్కలు పెట్టిన. అన్నీ అనాబ్-ఎ-షాహీ. అది తినే ద్రాక్ష, వైన్‌ది కాదు అని మొక్కలు పందిరెక్కినంక తెలిసింది, సరే పోనీ.

ఫ్రాన్స్‌ల నేలను బట్టి వైన్ రుచి మారుతదంట, దానికి టెర్వార్ అని పేరు పెట్టిన్రు. ఆడి బోర్డో ప్రాంతంల 1855లనే వైన్ తోటలకు ర్యాంకులిచ్చిన్రు, రెండో ర్యాంకుల ఉన్న ఒక తోటకు మొదటి ర్యాంకు ప్రమోషన్ రానీకి 1973 దాక పట్టింది, అంటే 118 ఏండ్లు, మన సర్కారు ఆఫీసులే నయం. గిదంత మా గౌడన్నకు భక్తిగ చెప్తే ఆయన మోకు సదురుకుంట "గదేం కొత్త ముచ్చటనే, కట్ట మీది తాటిచెట్టు కల్లు వేరు, చెల్కల చెట్టు కల్లు వేరు, పోతుతాడు వేరు, పండుతాడు వేరు, పొద్దుగాల లొట్టి మాపటికి ఇంకో తీరు" అని చెట్టెక్కిండు. ర్యాంకు గిట్ల ఏం అడగలే.

ఇగ మా నాయిన. బోర్డో పేరు చెప్పంగనే ఆయన మొఖం ఎలిగింది. "బోర్డో నాకెందుకు తెల్వదురా, మైలుతుత్తం సున్నం కలిపి బత్తాయి మొదళ్లకు పూస్తం గదా, గాళ్లు దాన్ని తాగుతరా?" నవ్విన గని ఆయన మాటల తప్పేం లేదు. గా మందు పుట్టింది ఆడనే. బాట పక్క ద్రాక్షను పోయేటోళ్లు తెంపకుండ నీలి రంగు చల్లితే, దొంగలతోపాటు బూజు తెగులు గూడ పోయిందంట, మిలార్డే అనే ప్రొఫెసర్ అది కనిపెట్టి 1885ల లోకానికి చెప్పిండు. ఆ ఊరి వైన్ మన దాక రాలే, మందు మాత్రం బత్తాయి తోటలన్నిట్ల ఉంది.

ఆడ చలికాలం తీగ నిద్రపోతది, ఏడాదికి ఒక్క కత్తిరింపు. మా చెల్కల దానికి నిద్రెక్కడిది, ఏప్రిల్‌ల ఒకపారి, అక్టోబర్‌ల ఒకపారి కత్తెర పట్టాలె. రెండూ పట్టిన. మందు గూడ కొట్టిన. జనవరి ఆఖర్ల గుత్తులు దిగినయ్.

పెద్ద పెద్ద టేస్టర్లు వైన్‌ను మింగరంట, నోట్ల తిప్పి ఉమ్ముతరంట. మా తోటకు గుట్ట మీదికెల్లి ఇరవై మంది దాక వచ్చిన్రు. అందరికన్న పెద్ద కోతి కడీ మీద కూసొని, ఒక గుత్తి తెంపి, వాసన చూసి, ఒక పండు కొరికి, కండ్లు మూసి జెరసేపు ఆలోచన జేసి, ఉమ్మింది.

తర్వాత బత్తాయిల మీదికి పోయింది.